ఆయిల్ వాల్వ్ పెట్టించుకోండి అన్నది నేనే, వద్దంటున్నది కూడా నేనే



ఈ పోస్టు కొంచెం పొడుగు ఉంటది. టాటా ఏస్ కానీ, బొలెరో కానీ, దోస్త్ కానీ, పికప్ బండి ఉన్నోళ్లు మాత్రం చివరిదాకా చదవండి. బండి లేనోళ్లు మీ సరుకు మోసే కిరాయి బండి ఆయనకు చూపించండి.

పోయిన ఎండాకాలంల ఇదే పేజీలో నేనొక పోస్టు పెట్టిన. ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు పానా పట్టుకొని తిప్పలు పడే పని లేదు, చాంబర్ కింద నల్లా లాంటి వాల్వ్ బిగించుకుంటే రెండు వేళ్లతో తిప్పి ఆయిల్ తీసుకోవచ్చు, అందరూ పెట్టించుకోండి అని రాసిన. చానా మంది మెచ్చుకున్నరు. "ఎక్కడ దొరుకుతది అన్నా" అని ఫోన్లు చేసిండ్రు. నా మాట నమ్మి పెట్టించుకున్నోళ్లల్ల మా అక్క కొడుకు ఒకడు. ఆ పోస్టు నేను తీసేయలేదు. తీసేస్తే తప్పు దాచినట్టు అయితది. అది అట్లనే ఉండనీయండి, దాని పక్కన ఇది కూడా ఉండాలె.

ముందు తెలియనోళ్ల కోసం ఆ వాల్వ్ ఏందో చెప్తా. ఇంజన్ అడుగున ఆయిల్ నిలువ ఉండే తొట్టిని మనం చాంబర్ అంటం. దానికి కింద ఒక నట్టు ఉంటది. ఆయిల్ మార్చాలంటే బండి కిందికి దూరి ఆ నట్టు విప్పాలె. కాలే నల్ల ఆయిల్ చేతి మీద పడుతది, మోచేతి దాకా కారుతది. నట్టు జారి టబ్బుల పడితే ఆయిల్‌ల చెయ్యి పెట్టి దేవులాడాలె. ఈ వాల్వ్ ఆ నట్టు జాగల పర్మినెంటుగ కూసుంటది. లోపల రంధ్రం ఉన్న చిన్న గుండు, బయట చిన్న లివర్. లివర్ పావు చుట్టు తిప్పితే గుండు రంధ్రం దారికి వచ్చి ఆయిల్ కారుతది, మళ్ల తిప్పితే బంద్. మనం డ్రిప్పు లైనుకు పెట్టే బాల్ వాల్వ్ ఎట్లనో ఇదీ అట్లనే, సైజు చిన్నది. వీటిల్ల జపాన్‌ల తయారయ్యే ఫుమోటో వాల్వ్‌కు పేరున్నది. దాన్ని చూసి చేసిన పేరు లేని సరుకు ఆన్‌లైన్‌ల, బజార్ల మస్తుగ తిరుగుతున్నది.

ఇంక మా అల్లుని సంగతి.

వాడిది ఎనిమిదేండ్ల పాత పికప్. తన టమాటా, ఊరోళ్ల టమాటా గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వేస్తడు. నా పోస్టు చూసి 900 రూపాయలు పెట్టి వాల్వ్ తెప్పించిండు. పేరు లేని సరుకే. మా దగ్గరి మెకానిక్ బిగించిండు. వాడే ఒకసారి ఆయిల్ మార్చుకున్నడు. "మామా, చేతికి మరక కూడ అంటలే" అని ఫోటో పంపిండు. నేను మురిసిపోయిన.

డిసెంబర్ చివర్ల ఒక సాయంత్రం టమాటా ఎత్తుకొచ్చేటందుకు పోయిండు. ఆ తోటకు దారి కంది కోసిన చేన్ల నుంచే. కంది కోసినంక కొయ్యకాళ్లు ఎట్లుంటయో మీకు నేను చెప్పే పని లేదు, చెప్పుల నుంచి పాదంలకు దిగుతయ్. యాభై బాక్సులు ఎత్తుకొని అదే దారిల తిరిగొచ్చిండు. రాత్రి ఒంటిగంటన్నరకు ఊర్ల నుంచి బయలెల్లిండు. చేవెళ్ల దాటినంక, ఆ మర్రిచెట్ల రోడ్డు మీద, ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. పొద్దున్నే గేజ్ తీసి చూసిండు, ఆయిల్ నిండుగ ఉండె. అందుకే ఏదో వైరు కదిలిందనుకున్నడు. ముందర బంకు వస్తది, అక్కడ చూద్దాం అనుకున్నడు. బంకు రాకముందే ఇంజన్ల టకటక మొదలైంది. మొయినాబాద్ చేరకముందే పట్టేసింది.

టార్చి పట్టి చూస్తే లివర్ సగం తిరిగి ఉన్నది. సందుల కంది కట్టె పేలిక ఇరికి ఉన్నది. చాంబర్ వెనక అంతా ఆయిల్ తడి. కొయ్య తగిలి లివర్ కొంచెం కదిలింది, రోడ్డు మీద కుదుపులకు మిగతాది అదే తెరుచుకున్నది.

తెల్లారి వేరే బండి మాట్లాడి సరుకు మార్చేసరికి ఎనిమిదయింది. మార్కెట్‌కు చేరేసరికి మంచి బేరాలన్నీ అయిపోయినయ్. వచ్చిన ధరకు పోసి వచ్చిండ్రు. ఆ యాభై బాక్సులల్ల ఇరవై రెండు వాడివి కావు, ఊరోళ్లయ్. వాళ్లకు నష్టం వీడే కట్టిచ్చిండు. ఇంజన్ విప్పితే బేరింగులు కాలి క్రాంకుకు అతుక్కున్నయ్. సామాను, లేతు పని, కూలి కలిపి 85 వేలు. మూడు వారాలు బండి షెడ్డుల ఉన్నది, కిస్తీ మాత్రం ఆగలే. ఇంత అయినా వాడు నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు అనిపించింది.

సామాను కోసం నేనే హైదరాబాద్ పోయిన. వికారాబాద్‌ల రైలెక్కి నాంపల్లిల దిగిన. జనవరి కదా, స్టేషన్ బయట అంతా నుమాయిష్‌కు పోయే జనమే. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి 15 దాక నడిచే ఆ ఎగ్జిబిషన్ 1938ల మొదలైంది, మా నాయిన చిన్నప్పుడు కూడా ఉన్నదే. నన్ను పదేండ్లప్పుడు తోలుకపోయిండు. అక్కడ ఒకాయన కూరగాయలు తరిగే మిషన్ అమ్ముతుండె. కీరదోసకాయ పెట్టి టకటక తరిగి చూపిస్తుంటే జనం నోరు తెరుచుకొని చూస్తున్నరు. మా అమ్మ ఒకటి కొన్నది. ఇంటికొచ్చి కందగడ్డ పెడితే బ్లేడు వంగిపోయింది. ఆయన మోసం చేసిండని నేను అనను. ఆయన తరిగింది కీర, మా ఇంట్ల ఉన్నది కందగడ్డ. ఈ ముచ్చట గుర్తుపెట్టుకోండి, మళ్ల దీనికాడికి వస్తా.

అక్కడి నుంచి నడుసుకుంట అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి జాంబాగ్ దిక్కు పోయిన. ఆ జాంబాగ్, పుత్లీబౌలి గల్లీలల్ల బండ్ల సామాను దుకాణాలు వరుసగ ఉంటయ్. ఒక దుకాణంల బేరింగులు, పిస్టన్ కిట్టు చెప్పి నిలబడ్డ. నా పక్కన ఇంకో రైతు ఉన్నడు, షాద్‌నగర్ దిక్కు మనిషి, నా ఈడే. ఆయన కౌంటర్ మీద మూడు వాల్వులు పెట్టించుకొని ఉన్నడు. మూడు పికప్పులంట. నాకు నోరు ఆగలే. "అన్నా, పెట్టియ్యకు. నేను మా అల్లునికి పెట్టించి ఇంజన్ తీసిన. దాని సామాను కోసమే వచ్చిన" అన్న.

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసి, "మీ అల్లుడు చీపు మాల్ కొన్నడు. నేను మంచిది కొంటున్న" అన్నడు. దుకాణం ఆయన నవ్వి, "పటేల్ సాబ్, వాల్వ్ కన్నా కింద యాక్సిల్ ఉంటది, తగిలితే ముందు దానికే తగుల్తది. నేను ఎన్నో అమ్మిన, ఒక్క కంప్లైంట్ రాలే" అన్నడు. నాకు జవాబు తోచలే. ఆయన మూడు వాల్వులు సంచిల వేసుకొని పోయిండు. నేను బేరింగులు తీసుకొని నాంపల్లికి మళ్లిన. జవాబులు రైలెక్కినంక ఒక్కొక్కటి గుర్తొచ్చినయ్. ఆ అన్న ఎక్కడున్నడో తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

ముందు న్యాయంగా వాల్వ్‌ల ఉన్న మంచి చెప్పాలె. లేకుంటే ఇది కోపంతోటి రాసినట్టు ఉంటది.

ఒకటి, చెయ్యి కాలదు. ఆయిల్ వేడి మీద ఉన్నప్పుడే తీయాలె, అప్పుడే పల్చగ ఉండి మురికిని ఎంబడి తీసుకొస్తది. చెయ్యి కాలుతదని మనోళ్లు చల్లారినంక తీస్తరు, మడ్డి అడుగుననే ఉంటది. వాల్వ్ ఉంటే వేడిగ తీయవచ్చు. ఇది నిజమైన లాభం.

రెండు, థ్రెడ్ కాపాడుతది. కొన్ని బండ్లకు చాంబర్ అల్యూమినియంది ఉంటది. మెకానిక్ ప్రతిసారి పానాకు పైపు తగిలించి బిగిస్తే కొన్నాళ్లకు థ్రెడ్ స్లిప్ అయితది. వాల్వ్ ఒక్కసారి బిగిస్తే మళ్ల దాన్ని ముట్టే పని లేదు. ఇదీ నిజమే.

మూడు, ఒలకదు. మూతి ఉన్న రకానికి చిన్న పైపు తగిలించి ఆయిల్ సక్కగ డబ్బాలకు పట్టుకోవచ్చు. వాకిలి పాడు కాదు.

ఈ మూడు నిజమే కాబట్టి నేను అప్పుడు మోసపోయిన. అబద్ధం చెప్పి అమ్మిన సరుకు తొందరగ దొరికిపోతది. సగం నిజం చెప్పి అమ్మిన సరుకే మనల్ని ముంచుతది.

ఇప్పుడు ఆ కౌంటర్ కాడ విన్న మూడు మాటలకు జవాబు చెప్తా.

"చీపు మాల్ కొన్నడు." ఇది సగం ఒప్పుకుంటా. మంచి కంపెనీ వాల్వ్‌ల లివర్ ఊరికే తిరగదు. మీదికి లేపి తిప్పాలె. మూసినప్పుడు గాడిల కూసుంటది. దాని మీద అడ్డంగ క్లిప్పు కూడ పెట్టుకోవచ్చు. మా వాడి దానికి గాడి లోతు లేదు, క్లిప్పు అసలే లేదు. మంచిది పెట్టి ఉంటే ఆ రాత్రి గట్ల అయ్యేది కాదేమో. కానీ మంచి వాల్వ్ అయినా చాంబర్ కింద నట్టు కన్నా ఎక్కువ పొడుగు వేలాడుతది. తల మాత్రమే బయట ఉండే నట్టుకు కొయ్య తగిలితే జారిపోతది. వేలంత బయటికి వచ్చిన వాల్వ్‌కు తగిలితే పట్టుకుంటది. లివర్ తిరగకపోయినా ఆ దెబ్బ పోయి పోయి చాంబర్ థ్రెడ్ మీదనే పడుతది. ఇంకో మాట. పేరున్న కంపెనీ డబ్బాల పేరు లేని సరుకు రాదని మన బజార్ల ఎవలు గ్యారంటీ ఇస్తరు? మందు డబ్బాలల్ల, విత్తనం ప్యాకెట్లల్ల మనం చూడని నకిలీయా?

"ముందు యాక్సిల్‌కు తగుల్తది." సిటీ రోడ్డు మీద ఇది నిజం. రాయి, స్పీడు బ్రేకరు ముందు కిందికి ఉన్న అడ్డు భాగానికే తగుల్తయ్, చాంబర్ దాక రావు. కానీ పంట కొయ్య రాయి లెక్క ఉండదు. కంది కొయ్య, పత్తి కట్టె ముందు భాగం కింద వంగుతయ్, అది దాటంగనే ఒక్కసారి మీదికి లేస్తయ్. లేసే జాగల ఏమున్నది? చాంబర్. దానికి వేలాడే లివర్. తాడు ముక్కలు, డ్రిప్పు పైపు తుంటలు కూడ గట్లనే చుట్టుకుంటయ్. దుకాణం ఆయన అబద్ధం చెప్పలే. ఆయన బండి అబిడ్స్‌ల తిరుగుతది, మన బండి కంది చేన్ల తిరుగుతది. ఆయన తరిగింది కీర, మనది కందగడ్డ.

"ఒక్క కంప్లైంట్ రాలే." దీని గురించి నేను చానా సేపు ఆలోచించిన. మా అల్లుడు ఇంజన్ పోయినంక వాల్వ్ అమ్మినోళ్లకు చెప్పిండా? చెప్పలే. మొదటి నెలల సంబరపడి ఐదు చుక్కలు ఇచ్చిండు, ఆ చుక్కలు ఇయ్యాలటికి అట్లనే ఉన్నయ్. నేను కూడ పెట్టించిన వారానికే మంచిదని రాసిన. కొత్తగ పెట్టించుకున్నోడు మురిపెం మీద రాస్తడు. నష్టపోయినోడు సిగ్గుతో సప్పుడు చెయ్యడు. మనం చదివేవన్నీ మొదటి వారం మాటలే. ఒక సామాను మంచిదా కాదా అనేది రెండు పంటకాలాలు వాడినోన్ని అడగాలె.

ఇంక ఎవలూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నయ్.

వాల్వ్ రంధ్రం నట్టు రంధ్రం కన్నా చిన్నది. లెక్క చూడండి. నట్టు తీస్తే 12 మిల్లీమీటర్ల దారి ఉన్నదనుకోండి, వాల్వ్ లోపలి దారి 8 మిల్లీమీటర్లు అనుకోండి. చూడనీకి మూడింట ఒక వంతే తగ్గినట్టు ఉంటది. కానీ దారి వైశాల్యం సగం కన్నా తక్కువకు పడిపోతది. ఆయిల్ నెమ్మదిగ దిగుతది, బలంగ కారితే వచ్చే మడ్డి లోపలనే ఉండిపోతది. పైగా కొన్ని వాల్వుల థ్రెడ్ చాంబర్ లోపలికి కొంచెం పొడుచుకొని వస్తది. చుట్టూ చిన్న గట్టు కట్టినట్టయి అడుగు ఆయిల్ కొంత పోనే పోదు.

కొన్ని బండ్ల నట్టు కొసకు అయస్కాంతం ఉంటది. ఇనుప పొడి దానికి పట్టుకుంటది. తెలివి గల మెకానిక్ నట్టు తీయంగనే దాన్ని చూస్తడు. మెత్తటి పొడి ఉంటే మామూలు అరుగుడు. పెద్ద పెచ్చులు ఉంటే లోపల ఏదో పోతున్నదని అర్థం. నట్టు తీసేసి వాల్వ్ పెడితే ఆ పరీక్ష పాయె.

సైజు కూడ చూడాలె. డ్రైన్ నట్లు అన్నీ ఒక్క సైజు కావు. 12, 14, 18, 20 మిల్లీమీటర్లు ఉంటయ్. ఒకే లావు ఉన్నా థ్రెడ్ 1.25 వేరు, 1.5 వేరు. దగ్గర దగ్గర ఉన్నది కదా అని తిప్పి ఎక్కిస్తే మొదట ఎక్కుతది, ఆ తర్వాత చాంబర్ థ్రెడ్‌ను తినేస్తది. థ్రెడ్ కాపాడాలని పెట్టిన వాల్వే థ్రెడ్ తీసిన బండ్లు ఉంటయ్.

వారంటీల ఉన్న కొత్త బండి అయితే ఇంకా జాగ్రత్త. ఆయిల్ కారి ఇంజన్ పోతే, కంపెనీది కాని సామాను బిగించినవని చేతులెత్తేస్తరు. అప్పుడు కొట్లాడి లాభం లేదు.

ఇంకొకటి, ఊర్ల మాట. నట్టు విప్పాలంటే పానా కావాలె, బలం కావాలె, సప్పుడు అయితది. లివర్ తిప్పాలంటే రెండు వేళ్లు చాలు. మన బండ్లు రాత్రి వాకిట్ల, రోడ్డు పక్కన ఉంటయ్. ఊర్ల గట్టు పంచాయితీలు ఎట్లుంటయో, ఎన్నికల కోపాలు ఎట్లుంటయో నేను చెప్పనా? పిల్లలు ఆడుకుంట కింద దూరినా చాలు.

ఇప్పుడు అసలు లెక్క. పికప్‌కు మనం ఏడాదికి ఎన్నిసార్లు ఆయిల్ మారుస్తం? రెండుసార్లు, మస్తు తిరిగే బండి అయితే మూడుసార్లు. వాల్వ్ వల్ల ఒక్కోసారి పది, పదిహేను నిమిషాలు మిగులుతది. అంటే ఏడాదికి ముప్పావు గంట సుఖం. ఆ ముప్పావు గంట కోసం ఏడాది పొడుగునా, చేన్ల, గట్ల మీద, అర్ధరాత్రి రోడ్డు మీద, ఇంజన్ పానం ఒక చిన్న లివర్‌కు తగిలించి తిరగాలె. రోజూ ఆయిల్ మార్చే షెడ్డు ఆయనకు అది లాభం. ఏడాదికి రెండుసార్లు మార్చే మనకు అది భయం.

నన్ను నేను అడుగుకున్న. నట్టుతోటి మనకు అంత విసుగు ఎందుకొచ్చింది? నట్టు చెడ్డదా? కాదు. మనం చేసే పని చెడ్డది. నట్టు కింద రాగిదో, అల్యూమినియందో వాషర్ ఉంటది. అది మెత్తగ ఉండి ఒకసారి నలిగి సందు మూసేటందుకు చేసింది. ప్రతిసారి కొత్తది వెయ్యాలె. పది, ఇరవై రూపాయలది. మనం ఐదేండ్లు అదే వాషర్ వాడుతం. నలిగింది మళ్ల నలగదు, ఆయిల్ చెమ్మ వస్తది. చెమ్మ వచ్చిందని ఇంకా గట్టిగ బిగిస్తం. గట్టిగ బిగిస్తే థ్రెడ్ పోతది. థ్రెడ్ పోయిందని 900 పెట్టి వాల్వ్ కొంటం. ఇరవై రూపాయల వాషర్ కాడ చేసిన పిసినారితనం 85 వేలకు పోయి నిలబడ్డది. ఇది మా అల్లుని కథ ఒక్కటే కాదు, నాది కూడ.

మరి వాల్వ్ ఎక్కడా పనికి రాదా? పనికొస్తది. కదలకుండ ఒక్కకాడ ఉండే ఇంజన్లకు బేషుగ్గ ఉంటది. కాలువ మీద డీజిల్ ఇంజన్, జనరేటర్ లాంటివాటికి. వాటి కిందికి కొయ్య రాదు, రాయి రాదు. నట్టు కాడ చెయ్యి పట్టే జాగ కూడ ఉండదు. మా జనరేటర్‌కు పెట్టిన వాల్వ్ నేను తీయలే, తీయను కూడ. ట్రాక్టర్‌కు మాత్రం వద్దు. అది పికప్ కన్నా ఎక్కువ కొయ్యకాళ్లల్ల తిరుగుతది.

పాత ఆయిల్ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పయితది. వాల్వ్ పెట్టుకున్నోళ్లు "షెడ్డుకు పోయే పని లేదు, ఇంటికాడనే తీసుకోవచ్చు" అంటరు. ఇంటికాడ తీసిన ఆయిల్ ఎటు పోతున్నది? గట్టు మీద పోస్తున్నరు, మోరీల పోస్తున్నరు, చెదలు పట్టొద్దని గుంజలకు పూస్తున్నరు. ఒక గాలన్ పాత ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీళ్లను పాడు చేయగలదని అమెరికా పర్యావరణ శాఖ లెక్క చెప్తది. మన దేశంల 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలల్ల కూడ వాడిన ఆయిల్ ఉన్నది. మన బోర్ల నీళ్లు మనమే తాగుతం. పాత ఆయిల్ డబ్బాల పట్టి షెడ్డుకు ఇచ్చేయండి. పాత ఆయిల్ కొనేటోళ్లు వాళ్ల కాడికి వస్తరు.

ఇంక నట్టుతోటే ఉండేటోళ్లు చేయాల్సింది చెప్తా.

బండి పది నిమిషాలు తిప్పి, సమానం జాగల ఆపి, ఇంజన్ బంద్ చేసి, పైన ఆయిల్ పోసే మూత తీయండి. మూత తీస్తే గాలి ఆడి ఆయిల్ తొందరగ దిగుతది. చేతికి రబ్బరు గ్లౌజు వేసుకోండి, కాలే బాధ సగం పోతది. నట్టు చివరి చుట్లు చేతితోనే, లోపలికి ఒత్తి పట్టుకుంట విప్పండి, థ్రెడ్ అయిపోంగనే పక్కకు గుంజితే చెయ్యి మీద పడదు. చుక్కలు ఆగేదాక ఆగండి. కొత్త వాషర్ వేసి, మొదటి మూడు నాలుగు చుట్లు చేతితోనే ఎక్కించండి. చేతితోటి ఎక్కకపోతే అడ్డం ఎక్కుతున్నట్టు, పానా ముట్టొద్దు. ఆఖరికి ఎంత బిగువు అనేది బండి పుస్తకంల ఉంటది. పానాకు పైపు మాత్రం తగిలించనీయకండి. మెకానిక్ అలవాటుగ తగిలిస్తే "వద్దు తమ్మి" అనండి, సిగ్గు పడకండి. ఆ రాత్రి బండి కింద అట్ట ముక్క పరిచి పెట్టండి. తెల్లారి అట్ట మీద మరక లేకపోతే పని అయినట్టు.

ఇప్పటికే వాల్వ్ ఉన్నోళ్లు, ముఖ్యంగ నా పోస్టు చూసి పెట్టించుకున్నోళ్లు, ఇది చదవంగనే బండి కిందికి వంగి చూడండి. లివర్ లేపకుండనే వేలితో తిరుగుతున్నదంటే ఇయ్యాలనే తీసేసి పాత నట్టు, కొత్త వాషర్ పెట్టించండి. గట్టిగనే ఉన్నా క్లిప్పు లేకపోతే క్లిప్పు పెట్టండి. చేన్లకు పోయే బండి అయితే క్లిప్పు ఉన్నా నా మాట తీసేయమనే. అప్పటిదాక చేన్ల నుంచి వచ్చినప్పుడల్లా ఒకసారి కిందికి చూసి, గేజ్ తీసి చూసి, అప్పుడు రోడ్డెక్కండి. పొద్దున చూసిన గేజ్ రాత్రికి పనికి రాదు. మా వాడు చేసిన తప్పు అదొక్కటే.

ఇంకొకటి మీ డ్రైవర్లకు, పిల్లలకు చెప్పండి. ఎర్ర ఆయిల్ లైటు అంటే ఆయిల్ కొంచెం తగ్గిందని కాదు, ఇంజన్ల ఆయిల్ ఒత్తిడి లేదని. బేరింగులకు ఆయిల్ అందక ఇనుము మీద ఇనుము తిరుగుతున్నదని. లైటు వెలిగినకాడనే పక్కకు ఆపి ఇంజన్ బంద్ చెయ్యాలె. బంకు దాక, ఊరి దాక, మార్కెట్ దాక అనొద్దు. టమాటా కరాబైతే ఒక పంట ధర పోతది. ఇంజన్ పోతే ఆ పంట, ఇంకో పంట కలిసి పోతయ్.

కొత్త సామాను అంటే నాకు కోపం లేదు. డ్రిప్పు వచ్చినప్పుడు ఊర్ల మొదట వేసుకున్నోళ్లల్ల నేను ఒకన్ని. కానీ ఏ సామాను అయినా మన మట్టిల, మన కొయ్యల మీద, మన రోడ్ల మీద నిలబడ్డదా అని అడిగినంకనే డబ్బులు తీయాలె. నేను అడగలే. అడగకుండనే మీకు చెప్పిన. దానికి మీ అందరికి క్షమాపణ. మా అల్లునికి సామాను డబ్బులల్ల సగం నేను ఇస్తున్న, వాడు వద్దన్నా ఇస్తున్న.

షాద్‌నగర్ దిక్కు మూడు పికప్పులు ఉన్న అన్న మీకు ఎవలికన్నా తెలిస్తే ఈ పోస్టు ఆయనకు చేర్చండి. ఆయన మంచి మాలే కొన్నడు కావచ్చు. అయినా కంది కోతలు అయిపోయినయ్, చేన్లల్ల కొయ్యకాళ్లు అట్లనే ఉన్నయ్.

మీ బండ్లకు వాల్వ్ పెట్టుకొని రెండేండ్లు పైన అయినోళ్లు ఉంటే, మంచైనా చెడైనా, కింద రాయండి. మొదటి వారం మాటలు వద్దు.